పోచమ్మ పేరు పెట్టుకున్న పిల్లలు

మా సుల్తానాబాద్ దిక్కు ఏ ఊరి ఓటర్ల లిస్టు దొరికినా, అరవై దాటినవాళ్ల పేర్లు ఒకసారి వరసగా చదివి చూడండి. పోచయ్య, పోశం, పోచమల్లు, పోచవ్వ. మధ్యమధ్యలో పెంటయ్య, పెంటవ్వ, భిక్షపతి, బిచ్చవ్వ. అదే లిస్టులో పాతికేళ్ల పిల్లల దగ్గరికి వచ్చేసరికి అంతా సాయిలు, శ్రావణిలు, అఖిల్‌లు. ఫ్యాషన్ మారిందిలే అనుకుంటాం. అది కొంతే నిజం.

పెంటయ్య అనే పేరు ఎందుకు పెట్టేవాళ్లో పెద్దవాళ్లను అడిగితే చెప్తారు. వరసగా పుట్టిన పిల్లలు దక్కకపోతే, ఆ తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద ఒక నిమిషం పడుకోబెట్టి మళ్లీ తెచ్చుకునేవాళ్లు. పారేసిన వస్తువు మీద చావు కన్ను పడదని ఒక ఆశ. భిక్షపతి అంటే అడుక్కుని తెచ్చుకున్నవాడు. పోచయ్య, పోశం, పోచవ్వ అంటే పోచమ్మకు మొక్కితే పుట్టినవాళ్లు, లేదా పోచమ్మ వచ్చి కూడా వదిలిపెట్టి పోయినవాళ్లు. బడిలో ఈ పేర్లు పిలిస్తే వెనక బెంచీల్లో నవ్వేవాళ్లం. ఆ పేరు పెట్టిన రోజున ఆ తల్లి ఎంత వణికి ఉంటుందో అప్పుడెవరు చెప్పారు మనకు?

ఈ మధ్య మా పాప లైబ్రరీ నుంచి ఉత్తర యూరప్ వాళ్ల పురాణకథల పుస్తకం ఒకటి తెచ్చుకుంది. నార్వే, స్వీడన్, ఐస్‌లాండ్ దిక్కు వెయ్యేళ్ల కింద కొలిచిన దేవుళ్ల కథలు. అందులో ఇంటికీ సంసారానికీ తల్లి ఫ్రిగ్ అనే దేవత. పెద్ద దేవుడు ఓడిన్ భార్య. ఇంగ్లీషు వాళ్ల ఫ్రైడే ఆమె పేరు మీద వచ్చిందే. రోమ్ వాళ్లు శుక్రగ్రహానికి ఇచ్చిన రోజును ఆ ఉత్తరాది వాళ్లు తమ ఫ్రిగ్‌కు ఇచ్చుకున్నారు. మన శుక్రవారమూ ఆ గ్రహం రోజే. మన శుక్రాచార్యుడు మగవాడైనా, ఆ రోజు పొద్దున్నే కడప కడిగి పసుపు రాసేది మాత్రం మనమే కదా! స్వీడన్‌లో ఆకాశంలో వరసగా కనిపించే మూడు చుక్కలను, అంటే మృగవ్యాధుడి నడుము పట్టీని, ఫ్రిగ్ దారం వడికే కదురు కర్ర అనేవాళ్లట. పని చేసే చేతులున్న దేవత అన్నమాట.

ఆమె కథల్లో అన్నిటికన్నా పెద్దది కొడుకు కథ. కొడుకు బాల్డర్‌కు చావు కలలు వస్తాయి. అప్పుడు ఆ తల్లి లోకంలో ఉన్న ప్రతి దాని దగ్గరా ఒట్టు వేయించుకుంటుంది. నిప్పు, నీళ్లు, ఇనుము, రాళ్లు, చెట్లు, జంతువులు, పక్షులు, విషం, పాములు, అన్నీ నా బిడ్డ జోలికి రామని మాట ఇస్తాయి. ఐస్‌లాండ్ రచయిత స్నోరి స్టుర్లుసన్ 1220 ప్రాంతంలో రాసిన ఆ వరసలో రోగాలు కూడా ఉన్నాయి. ఆ తల్లి రోగాలను కూడా బతిమాలింది! చివరికి చెట్టు మీద చెట్టుగా పెరిగే బదనిక లాంటి ఒక చిన్న మొక్కను మాత్రం, పసిది దీనితో ఒట్టేమిటని వదిలేస్తుంది. ఆ పుల్లతోనే కొడుకు పోతాడు. పాప ఈ కథ చదివి వినిపిస్తుంటే నాకు మా బాపమ్మ గుర్తొచ్చింది.

మా బాపమ్మ ముఖం నిండా గుంటలు గుంటలుగా మచ్చలుండేవి. ఏడేళ్ల వయసులో ఆమెకు పెద్దమ్మవారు పోసింది. అదే ఇంట్లో, అదే వారంలో, ఆమె తమ్ముడికీ పోసింది. బాపమ్మ బతికింది, తమ్ముడు దక్కలేదు. "తల్లి నన్ను ఇడిసి ఆన్ని తీస్కపోయింది" అనేది, ఎనభై దాటినా అదే మాట. తిట్టినట్టు ఉండేది కాదు, మెచ్చుకున్నట్టూ ఉండేది కాదు. ఆ తల్లికే మళ్లీ ఏటేటా బోనం ఎత్తేది.

పుస్తకాల్లో పోచమ్మ గురించి ఒక ముక్కే ఉంటుంది: మశూచి దేవత. ఉస్మానియా యూనివర్సిటీలో పని చేసిన శ్యామా చరణ్ దూబే హైదరాబాద్ పక్కన షామీర్‌పేటలో ఉండి, చూసి రాసిన 'ఇండియన్ విలేజ్' 1955లో అచ్చయింది. అందులోనూ పోచమ్మ మశూచి తల్లే. అంతకు ముందు 1916లో మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ దక్షిణాది గ్రామదేవతల మీద పెద్ద పుస్తకమే వేశాడు. బలులు ఎట్లా ఇస్తారు, తల ఎక్కడ పెడతారు అన్నీ వివరంగా రాశాడు. బయట గుడి ముందు నిలబడి చూసినవాళ్లకు కనిపించేది అది. కుండలో బియ్యం పోసిన చేతి వైపు నుంచి రాసింది కాదు.

ఆ చేతి వైపు నుంచి చూస్తే లెక్క కొంచెం వేరుగా వస్తుంది. మశూచి మన దేశంలో ఎక్కువగా చెలరేగేది ఎండకాలంలో, మార్చి నుంచి మే దాకా. బెంగాల్‌లో దాన్ని వసంత రోగమనే పిలిచేవాళ్లు. వానలు పడ్డాక తగ్గుముఖం పట్టేది. మరి మా దిక్కు పోచమ్మ బోనాలు ఎప్పుడు? శ్రావణంలో. హైదరాబాద్, సికింద్రాబాద్ వాళ్లకు ఆషాఢంలో అయిపోతాయి, మా జిల్లాల్లో చాలా ఊళ్లు శ్రావణంలో చేసుకుంటాయి. అంటే రోగం తగ్గే కాలంలో, వరినాట్లు ఒక కొలిక్కి వచ్చాక. ఒక్క రోగానికి భయపడి వండే అన్నమైతే చైత్రంలోనో వైశాఖంలోనో వండాలి కదా? బోనం ఎత్తినప్పుడు ఆడవాళ్లు మొక్కేది వింటే ఇంకా బాగా తెలుస్తుంది. పిల్లలు సల్లగుండాలె, గొడ్డూగోదా సల్లగుండాలె, పంట పండాలె, ఇంటాయన దూరం పోతే మంచిగ తిరిగి రావాలె. నాకర్థమైనంతలో మశూచి ఆ తల్లి చేతిలో ఉన్న పనుల్లో ఒకటి. అన్నిటికన్నా భయంకరమైనది కాబట్టి రాసేవాళ్లకు అదే కనిపించింది.

ఇచ్చేదీ తీసుకునేదీ ఒకే తల్లి అనుకోవడం పాత అలవాటే. బౌద్ధంలో హారీతి అనే యక్షిణి ఉంది. రాజగృహంలో పిల్లలను ఎత్తుకుపోయి తినేది. ఆమెకు 500 మంది పిల్లలట. బుద్ధుడు అందరిలోకి చిన్నదాన్ని తన భిక్షాపాత్ర కింద దాచిపెడితే, వెతికి వెతికి ఏడ్చి, అప్పుడు గాని పరాయి తల్లుల కడుపుకోత తెలియలేదు ఆమెకు. ఆ తర్వాత పిల్లలను కాపాడే తల్లి అయింది. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలం నాటి హారీతి గుడి తవ్వకాల్లో బయటపడింది. 671లో చైనా నుంచి బయలుదేరి వచ్చిన ఇత్సింగ్ అనే భిక్షువు, ఇక్కడి ఆరామాల్లో వాకిట్లోనో భోజనశాల మూలనో ఒడిలో బిడ్డతో హారీతి బొమ్మ ఉంటుందనీ, రోజూ ఆమె ముందు అన్నం పెడతారనీ, పిల్లలు లేనివాళ్లు, రోగాల వాళ్లు మొక్కుకుంటారనీ రాసిపెట్టాడు. మా సుల్తానాబాద్‌కు దగ్గర్లోనే ధూళికట్టలో బౌద్ధ స్తూపం ఉంది. అక్కడికి పోయినప్పుడల్లా, ఈ భిక్షువులకు అన్నం పెట్టిన ఆడవాళ్లు తమ పిల్లల కోసం ఎవరికి మొక్కి ఉంటారా అనుకుంటాను.

సరే, మన ఇళ్లలోకి వద్దాం. ఇంట్లో పిల్లకు అమ్మవారు పోస్తే ఏం చేసేవాళ్లో బాపమ్మ చెప్తుంటే విన్నవి ఇవి. కడపకు యాపరెల్ల కట్టేవాళ్లు, చూసినవాళ్లు ఎవరూ లోపలికి రావద్దని దానర్థం. బిడ్డను యాపాకుల మీద పండబెట్టి, యాప మండతో విసిరేవాళ్లు, గోకకుండా. పొయ్యి మీద పోపు ఎయ్యరు, నూనె కాగద్దు, తల్లికి ఘాటు పడదు. నీసు వండరు. అంబలి, పెరుగన్నం, సల్లటి నీళ్లు. తల దువ్వరు. ఇంట్లో గట్టిగా మాట్లాడరు, మొగడూ పెండ్లాలు ఒక దగ్గర పడుకోరు. ఇంట్లోవాళ్లు పెండ్లికీ పోరు, చావుకీ పోరు. పొక్కులు మాడి రాలేదాకా ఇంతే. ఆ తర్వాత యాపాకు, పసుపు వేసిన నీళ్లు పోసి, పోచమ్మకు సాక పోసి వచ్చేవాళ్లు.

చదువుకున్నవాళ్లు వీటిని మూఢనమ్మకం అని ఒక్క మాటలో తోసేస్తారు. కొంచెం ఆగి చూడండి. మశూచి పట్టినవాళ్ల పొక్కులన్నీ ఎండి పెచ్చులు రాలేదాకా, దాదాపు మూడు వారాలు, రోగం ఇతరులకు అంటుతూనే ఉంటుంది. ఆ మూడు వారాలు ఇంటికి ఎవరూ రాకుండా, ఇంట్లోవాళ్లు ఎక్కడికీ పోకుండా కట్టడి చేసింది ఒక యాప మండ. నోరంతా పుండ్లైన బిడ్డకు కారం, తాలింపు ఎవరు పెడతారు? ఇదంతా చేసింది వైద్యులు కాదు, ఇంటి ఆడవాళ్లు, రాత్రింబగళ్లు పక్కన కూర్చుని.

అట్లాగని దీన్ని మరీ ఎత్తుకోవడమూ నాకిష్టం లేదు. పెద్ద రకం మశూచి వస్తే దాదాపు ప్రతి పదిమందిలో ముగ్గురు పోయేవాళ్లు. యాపాకు వాళ్లను ఆపలేదు. ఇంకో పాడు సంగతి, తల్లికి కోపం వస్తుందని మందులూ ఇప్పించేవాళ్లు కాదు, టీకాలూ వేయించేవాళ్లు కాదు. "టీకాలోళ్లు ఒస్తున్నరంటే పోరగాండ్లను గుమ్మి ఎనుక దాసేటోళ్లం" అని బాపమ్మ నవ్వుతూ చెప్పేది. అప్పటి టీకా కూడా సుఖమైనది కాదులెండి. జబ్బ మీద పెట్టి గుండ్రంగా తిప్పే పరికరంతో గీరేవాళ్లు, చీము పట్టి రోజుల తరబడి జ్వరం వచ్చేది. తర్వాత్తర్వాత రెండు మొనల సన్న సూది వచ్చింది. ఆమె పిల్లల్లో పెద్దవాళ్లిద్దరినీ దాచింది, ఆ తర్వాతి వాళ్లను తనే ఎత్తుకుపోయి టీకా వేయించింది. ఏం మారిందే అంటే, "తమ్ముడు యాదికొచ్చిండు" అంది.

మన దేశంలో మొదటి టీకా 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్టాల్ అనే మూడేళ్ల పాపకు వేశారు. ఆ పాప చేతి పుండు రసంతోనే ఇంకొందరు పిల్లలకు, వాళ్ల నుంచి ఇంకొందరికి, అట్లా చేతి నుంచి చేతికి దేశమంతా పాకించారు. ఎంతమంది పేద తల్లుల పిల్లలు ఏడ్చుకుంటూ ఆ మందును మోశారో! అయినా పూర్తిగా పోవడానికి ఇంకో 170 ఏళ్లు పట్టింది. 1962లో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టారు. 1974లో ఒక్క ఐదు నెలల్లోనే, ఎక్కువగా బీహార్‌లో, 15 వేల మంది దాకా పోయారు. అప్పుడు ఆరోగ్య కార్యకర్తలు పొక్కులు పోసిన పాప బొమ్మ ఉన్న కార్డు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు, ఇట్లాంటిది ఎక్కడైనా చూశారా అని. చూపించినవాళ్లకు బహుమానం పెంచుకుంటూ పోయి 1000 రూపాయలు చేశారు. 1975 మే 24 తర్వాత మన దేశంలో మళ్లీ కనిపించలేదు. 1977లో దేశం నుంచి, 1980 మే 8న లోకం నుంచి పోయిందని ప్రకటించారు. నా ఈడు వాళ్ల జబ్బ మీద ఉన్న మచ్చ క్షయ టీకాది. మశూచి టీకా మచ్చలు చూడాలంటే మన అమ్మలు, అత్తమ్మల జబ్బలు చూడాలి. ఈసారి చీర మార్చుకునేటప్పుడు అడిగి చూడండి, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో కథ ఉంటుంది.

రోగం పోయింది కదా, మరి పోచమ్మ పోవాలి కదా? పోలేదు. పిల్లలకు ఆ పేరు పెట్టడం తగ్గింది గాని, బోనాలు తగ్గలేదు. తెలంగాణ వచ్చిన 2014లోనే బోనాలు రాష్ట్ర పండుగ అయ్యాయి. మశూచి ఒక్కదానికే మొక్కి ఉంటే, 1980 నాటికే ఆ గుడి ముందు గడ్డి మొలిచేది. పిల్లల మీద భయం మాత్రం ఎక్కడికి పోతుంది? మా పక్కింటి వదినె కొడుకు గల్ఫ్ పోయిన ఏడు, ఎక్కువ బియ్యం పోసి బోనం వండింది. మా అత్తమ్మ మోకాలి ఆపరేషన్‌కు ముందు సాక పోసి వచ్చింది. లారీ కొన్నా, బోరు వేసినా, పిల్లకు పరీక్ష ఉన్నా అంతే.

ఇక్కడ నాకు ఫ్రిగ్ మళ్లీ గుర్తొస్తుంది. ఐస్‌లాండ్ వాళ్లు 1000 ప్రాంతంలో క్రైస్తవులయ్యారు. స్నోరి కథలు రాసేనాటికి రెండు వందల ఏళ్లు గడిచిపోయాయి. ఆమె మొగుడెవరు, కొడుకెవరు, ఆమె పెట్టె మోసే చెలికత్తె ఫుల్లా ఎవరు, అన్నీ రాశాడు. ఒక పాత పాటలో మాత్రం కాన్పు కష్టమైన తల్లికి సాయం చేసినామెను దీవిస్తూ ఫ్రిగ్ పేరు తలుస్తారు, అదొక్కటే ఇంటి లోపలి మాట. పొయ్యి ముందు ఆమెకు ఏం పెట్టేవాళ్లు, బిడ్డకు జ్వరమొస్తే ఏమని మొక్కేవాళ్లు, ఏ వంట మానేసేవాళ్లు, ఆ సంగతులు చెప్పడానికి ఆ ఆడవాళ్లు లేరు, రాసినవాళ్లు వాళ్లను అడగలేదు. దేవత కథ మిగిలింది, కొలిచినవాళ్ల పని పోయింది.

మన దగ్గర కొలిచేవాళ్లు ఇంకా ఉన్నారు. కాకపోతే మార్పు కళ్ల ముందే జరుగుతోంది. పోచమ్మ గుడి అంటే మా చిన్నప్పుడు యాపచెట్టు కింద మనిషి నడుమంత ఎత్తు గూడు, లోపల పసుపు పూసిన ఒక రాయి. వంగితే గాని కనపడదు. కొన్ని ఊళ్లల్లో కుమ్మరి వాళ్లు, కొన్ని ఊళ్లల్లో చాకలి వాళ్లు ముందు నిలబడి పూజ చేయించేవాళ్లు, బోనం దించేది, సాక పోసేది, రాయికి పసుపు పూసేది ఆడవాళ్లే. ఇప్పుడు చాలా చోట్ల సిమెంటు గుడి, గ్రానైటు బండలు, నాలుగు చేతుల విగ్రహం, ప్రతిష్ఠకు బయటి నుంచి పంతులు, మైకు. ఊరు బాగుపడి తల్లికి మంచి గుడి కట్టుకుంటే నాకు సంతోషమే, ఎండలో వానలో నిలబడే బాధ తప్పింది. ఒక్కటే గుచ్చుకుంటుంది. గ్రిల్ పెట్టాక మనం బయట లైన్లో ఉంటున్నాం. రాయికి పసుపు పూసిన చేతులు ఇప్పుడు ప్లేటు లోపలికి అందిస్తున్నాయి.

రెండేళ్ల కింద మా బాబుకు ఆటలమ్మ పోసింది. డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాం, మాత్రలు రాసిచ్చారు, వేళకు వేశాను. ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ కడపకు యాపరెల్ల కట్టి ఉంచింది. తొమ్మిది రోజులు మా ఇంట్లో పోపు లేదు. ఉప్పు, పసుపు వేసిన ముద్దపప్పు, పెరుగన్నం. మూడో రోజుకే మా ఆయన పచ్చడి సీసా వెతుక్కోవడం మొదలుపెట్టాడు, అత్తమ్మ చూసి సీసా బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ తొమ్మిది రోజులు బాబు పక్కన కూర్చుని నేను ఆమెను ఒక్కొక్కటే అడుగుతూ, పాత పొడుగు నోట్‌బుక్కులో రాసుకున్నాను. నీళ్లు ఏ రోజు పొయ్యాలి, బోనం కుండకు పసుపు ముందా సున్నం ముందా, బియ్యం ఎంత, బెల్లం ఎప్పుడు వెయ్యాలి, దీపం కింద ఏం పెట్టాలి.

"గివన్ని రాస్తున్నవా?" అంది. "రాయి. గని అన్నం రుచి సూడద్దని కూడా రాయి. మీరు ప్రతిది రుచి సూస్తరు."

రాసుకున్నాను.